ఒత్తు దగ్గర ఆగే గొంతు

గుణింతం అప్పజెప్పమంటే క నుంచి కః దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తారు. పుస్తకంలో 'కొడవలి' ఎదురైతే ఆగిపోతారు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించేటప్పుడు నాకు తరచూ కనబడేది ఇదే. వరుస నోటికి వచ్చింది గానీ అక్షరం కంటికి రాలేదు.

అప్పుడు వాచకం మూసి, వాళ్లకు తెలిసిన ఊళ్ల పేర్లు రాసిస్తాను. 'గడ్డ' తేలిక, డ కింది ఒత్తు డ లాగే ఉంటుంది. అసలు చిక్కు నంద్యాలతోనే.

"నందాయల, సార్."

"ద కింద ఏముందో చూడు తల్లీ."

య ఒత్తుకు య పోలికే లేదు. పైగా దీర్ఘం ద మీద కనబడుతుంది, పలకడం మాత్రం య తర్వాత. ఆ పిల్ల చూసింది చూసినట్టే చదివింది. దాన్ని మొద్దు అనడం అన్యాయం. దొర్నిపాడులో గుడి ర మీద ఉంటే పలికేది 'ని' దగ్గర. కోవెలకుంట్లలో సున్నా, ట, ల ఒత్తు ఒక్కచోటే కలిసి మీద పడతాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు తమ అక్షరాల్లా ఉండవు గనుక వాటిని విడిగా, నిదానంగా నేర్పాల్సిందే. నేను ఒక పూటకు ఒక్క ఒత్తే పట్టుకుంటాను. ముందు నోటితో విడదీయిస్తాను: నం, ద్, యా, ల. తర్వాత కలిపిస్తాను. ఆపైన పద్యం, వైద్యం, విద్య, పాణ్యం. బొమ్మ చూసి ఊహించి చెబితే ఒప్పుకోను, బొమ్మను చేత్తో మూసేస్తాను.

మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లల చదువును పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలు పట్టుబడటం నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంటుంది. మనమేమో రెండో తరగతి దాటగానే అక్షరాల పని అయిపోయిందనుకుంటాం. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుని చదవాలని 2026–27ను గడువుగా పెట్టుకుంది. ఒత్తుల దగ్గర తగినంత సమయం ఇవ్వకుండా ఆ గడువు అందుకోలేం.

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సు ఎక్కే అమ్మానాన్నలారా, శిరివెళ్ల దాటేలోపు దారిపక్క బోర్డు ఒక్కటైనా మీ బిడ్డతో చదివించండి. తడబడితే వెంటనే అందించకండి, కాసేపు ఆగండి.