పెన్‌డ్రైవ్‌తో లేపే పనితనం

పానాసోనిక్ టఫ్‌బుక్ మొండిఘటం. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన ఒళ్లు, మోసుకెళ్లడానికి పిడి, పోర్టులకు మూతలు. ఈ లాప్‌టాప్‌లు 1996 నుంచి ఆ పేరుతో వస్తున్నాయి. పాతబడ్డాక తరచూ మొరాయించేది పెట్టె కాదు, లోపలి హార్డ్‌డిస్కు. దాని జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచి మిషన్ని లేపే రిపేరు మనిషి పనితనం చూడాలంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ లాంటి చోటికి వెళ్లాలి.

సగం పని డ్రైవు తయారీలోనే ఉంది. పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ సాఫ్ట్‌వేర్‌లో పార్టిషన్ పద్ధతిగా జీపీటీ ఎంచుకుంటే పాత బయోస్ దాన్ని పట్టించుకోదు, ఎంబీఆర్ కావాలి. సీఎఫ్-18 లాంటి పెంటియం-ఎం కాలం టఫ్‌బుక్‌లకి 32 బిట్ లినక్సే ఎక్కుతుంది. డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు కనక తెలిసినవాడు, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పాత 32 బిట్ లినక్స్ వెర్షన్ దగ్గర ఉంచుకుంటాడు.

ఇక పవర్ నొక్కి, లోగో రాగానే ఎఫ్2. బూట్ వరసలో యూఎస్‌బీని పైకి తెచ్చి, సేవ్ చేసి బయటికి. తర్వాత నల్లటి తెర, ఎంతకీ కదలదు. యూఎస్‌బీ 2.0 మరి, ఇరానీ చాయ్ తాగి రావచ్చు! చేతగానివాడు ఇక్కడే డ్రైవు పీకేసి మళ్లీ మొదలెడతాడు. పనిమంతుడు పెన్‌డ్రైవ్ లైటు మీదే కన్నేసి కూర్చుంటాడు. అది ఆడుతుంటే మిషన్ ఇంకా చదువుతున్నట్టే. డెస్క్‌టాప్ వచ్చాక కీబోర్డు, టచ్, వైఫై పరీక్షించి, ఆఖర్న డిస్కు తెరుస్తాడు. ఫైళ్లన్నీ బయటికి కాపీ అయ్యేదాకా ఫార్మాట్ మాటే ఎత్తడు. నా లెక్కలో కూలి ఆ ఓపికకే.

మీ ఇంట్లో ఇలాంటిది మూలపడి ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి పెన్‌డ్రైవ్‌తో లేపించి చూడండి.