ఎవరి కాలం నయం?

కిందటి ఏడాది ఒక డిగ్రీ కాలేజీలో నేటి స్త్రీల సాహిత్యం మీద సదస్సు పెట్టి నన్ను మాట్లాడమన్నారు. భోజనాల తర్వాతి సమావేశం. సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. వాళ్ళని లేపడానికో ఏమో, రాసుకెళ్ళిన పత్రం పక్కన పెట్టి ఒక మాట అనేశాను. "మేం యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఒక్క పుస్తకం కోసం మూడు లైబ్రరీలు తిరిగేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి ఫోనుంది గానీ చదువు లేదు. నాలుగు ముక్కలు రాసి, కింద ఒక ఫొటో పెట్టి అదే కవిత్వం అంటున్నారు." ముందు వరసలో అధ్యాపకులు చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీరు మాలో ఎవరి రాతలైనా చదివారా?" అని అడిగింది.

ఆ గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను చదవలేదు. ఆ సంగతి ఒప్పుకోకుండా 'ధోరణుల' గురించి ఏదో చెప్పి తప్పించుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సెక్కి కూర్చున్నాక సిగ్గేసింది. నా పీహెచ్‌డీ అంతా పాత స్త్రీల పత్రికల మీద. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పొడిపొడిగా రాలిపోతున్న కాగితాల మధ్య కూర్చుని, ఈ కాలపు ఆడపిల్లలు చెడిపోతున్నారన్న మాట ఎన్ని రకాలుగా వినిపించిందో ఏళ్ళ తరబడి నోట్సు రాసుకున్నదాన్ని. నా నోట్లోంచి అదే మాట అంత సులువుగా ఎలా వచ్చింది?

ఆలోచిస్తుంటే ముందు గుర్తొచ్చింది ముద్దుపళని. వెనకటి తరం పవిత్రం, తర్వాతి తరం భ్రష్టం అనే లెక్క ఆమె దగ్గరికొచ్చేసరికి తలకిందులవుతుంది. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ఈ కవయిత్రి 'రాధికా సాంత్వనం' రాసింది. శృంగారంలో ఆడదాని ఇష్టానికీ చొరవకీ చోటిచ్చిన కావ్యమది. అవతారికలో తన నాయనమ్మనీ మేనత్తనీ తలుచుకుని, తన విద్య గురించీ తనకి కావ్యాలు అంకితమిచ్చినవాళ్ళ గురించీ ఏ మొహమాటమూ లేకుండా చెప్పుకుంది. 1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు ఆ అవతారిక తీసేశారు. కొన్ని పద్యాలూ తీసేశారు. ఆ నాయనమ్మా మేనత్తా అక్కడితో మాయమయ్యారు.

తర్వాత కందుకూరి వీరేశలింగం గారు తన ఆంధ్రకవుల చరిత్రలో ఆమె కవిత్వంలోని మాధుర్యాన్ని కాదనలేకపోయారు గానీ, ఆమె ఒక వేశ్య అనీ, ఆ పుస్తకంలోని భాగాలు ఆడదాని నోట రావడం మాట అటుంచి చెవిన పడటానికి కూడా తగవనీ తేల్చారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని సంపాదించి, వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన 'వైజయంతీ విలాసం' సంగతేమిటని కూడా అడిగింది. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం ఎత్తేసింది 1947లో. వావిళ్ళ వారు మళ్ళీ వేసింది 1952లో.

ఇక్కడ 'చెడిపోయింది' ముత్తవ్వ. సిగ్గుపడింది మునిమనవలు. 1920లలోనో 30లలోనో, ఆ కాలంలో ఆడవాళ్ళు ఎంత వినయంగా ఉండేవారు అని నిట్టూర్చినవాళ్ళ మనసులో ఉన్న వెనకటి స్త్రీ నిజానికి వాళ్ళకంటే ఒకటి రెండు తరాల ముందే కత్తిరింపులతో తయారైంది. ముద్దుపళనినీ, నాగరత్నమ్మనీ, వాళ్ళు పుట్టిన కులాల స్త్రీలనీ, పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళనీ లెక్కలోంచి తీసేశాక మిగిలిన పెద్దింటి ఇల్లాలు ఆమె. ఆమెనే మనందరికీ అమ్మమ్మగా చూపించారు.

వీరేశలింగం గారిని ఒక్క మాటతో కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన మనిషి ఆయన. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించినందుకు ఆడపిల్లల్ని చెడగొడుతున్నాడని ఊరంతా తిట్టింది కూడా ఆయన్నే. తన ముందు తరం చేత ఆ నింద పడినాయన, తనకంటే నూరేళ్ళ ముందటి స్త్రీ మీద అదే నింద వేశారు. నింద పడిన అనుభవం ఉంటే ఇంకొకరి మీద వేయబోమని గ్యారంటీ ఏమీ లేదు. ఈ మాట ఆయన గురించి రాస్తూ నాకే చెప్పుకుంటున్నాను.

ఈ విషయంలో గురజాడ మెళకువ వేరు. 'కన్యాశుల్కం'లో కొత్త తరానికి ప్రతినిధి ఎవరు? గిరీశం. సంస్కరణ మీద ఉపన్యాసాలిస్తూ మోసాలతో బతికే మనిషి. పాత తరానికి ప్రతినిధి అగ్నిహోత్రావధాన్లు. కొడుకు ఇంగ్లీషు చదువుకవుతున్న ఖర్చు చూసి మండిపడుతూ, ఆ చదువుని తిట్టిపోస్తూ, పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి అమ్మడానికి బేరం కుదుర్చుకుంటాడు. అప్పటికే పెద్ద కూతురు బుచ్చమ్మ వితంతువై ఇంట్లోనే ఉంది. గురజాడ ఏ తరానికీ మార్కులు వేయలేదు. సుబ్బి బతుకేమవుతుందనే ఒక్క ప్రశ్న పట్టుకుని అందరినీ దానిముందు నిలబెట్టాడు. 1897 ముద్రణకి రాసిన పీఠికలో ఆయన చెప్పిన లెక్కలు చదివినప్పుడల్లా నాకు వెన్నులో చలి పుడుతుంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలానికి తీయించిన జాబితాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాలు 1,034. పెళ్ళికూతుళ్ళలో 99 మందికి అయిదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడాది. 'ఆ మంచి రోజులు' అంటే ఇవి కూడా.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. ఆమె పెళ్ళి 1957లో, పదమూడో ఏట. శారదా చట్టం వచ్చి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఆ పెళ్ళి గురించి ఎవరూ పోలీసులకి చెప్పలేదు, చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇప్పుడామెకి ఎనభై దాటాయి. "మా కాలమే నయమే. మీకు సర్దుకుపోవడం తెలీదు. ఇరవై నాలుగ్గంటలూ ఆ ఫోను" అంటుంది. నేను విడాకులు తీసుకున్నప్పుడు ఈ మాట మరీ తరచుగా అనేది.

ఒకసారి ఆమె మోకాలికి తైలం రాస్తూ, "నువ్వు మీ అత్తగారితో ఎప్పుడైనా తిట్లు తిన్నావా అమ్మమ్మా?" అని అడిగాను. కాసేపు నవ్వింది. తర్వాత చెప్పింది. ఊళ్ళో కరణంగారింటికి వారపత్రిక వచ్చేదట. వాళ్ళ కోడలు చదివేశాక అది చేతులు మారుతూ మధ్యాహ్నం మా అమ్మమ్మ దాకా వచ్చి, సాయంత్రంలోగా ఇంకో ఇంటికి పోవాలి. ఒక రోజు సీరియల్ మంచి పట్టులో ఉంది. పొయ్యి మీద పులుసు మాడిపోయింది. అత్తగారు పత్రిక లాక్కుని పొయ్యిలో పెట్టేసింది. "ఈ నవలలొచ్చి సంసారాలు చెడిపోయాయి, మా రోజుల్లో ఇట్లా ఉండేదా" అని వీధి వినేలా అరిచిందట. మా అమ్మమ్మకి బాధేసింది తిట్లకి కాదట. ఆ వారం కథ ఏమైందో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

1960, 70 దశకాల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' లాంటి నవలల కోసం ఆడవాళ్ళు ఎదురుచూసిన రోజుల్లో సాహిత్య లోకం ఆ పాఠకుల్ని ఎంత చులకనగా చూసిందో మనకి తెలుసు. వంటింటి సాహిత్యమన్నారు, పగటి కలలన్నారు. వాటిలోని కార్లూ మేడల హీరోల మీద స్త్రీవాదులుగా మనకీ విమర్శలున్నాయి, ఉండాలి కూడా. అయితే పులుసు మాడిపోయేంతగా ఒక పదహారేళ్ళ కోడలు తనకోసం తను ఒక గంట దొంగిలించుకోవడం గురించి ఆ విమర్శల్లో ఎక్కడా కనబడదు. "ఆ పత్రికే నీకు ఫోను కదా అమ్మమ్మా" అంటే మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అది వేరే, అందులో కథలుండేవి" అంది.

మన ముందు తరం స్త్రీవాదుల సంగతికి వద్దాం. రేవతీదేవి 'శిలాలోలిత' 1981లో, సావిత్రి 'బందిపోట్లు' 1984లో వచ్చాయి. జయప్రభ పైటని తగలెయ్యమంది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేనాటికి ఈ కవిత్వాన్ని 'నీలి కవిత్వం' అని వెక్కిరించడం బాగా సాగుతోంది. శరీరం తప్ప వీళ్ళకి వస్తువు లేదన్నారు, సమాజం పట్టదన్నారు. ఆ మాటలు పడిన తరమే మనకి దారి వేసింది. తర్వాత జూపాక సుభద్ర తన కవితలో కొంగుని వేరే చోట నిలబెట్టింది. పనిచేసే ఆడదానికి అది చెమట తుడుచుకునే గుడ్డ, మూట కట్టుకునే సంచి, తగలెయ్యడానికి వీల్లేని పనిముట్టు. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చింది. అప్పుడు వినబడిన ఆక్షేపణలు మగ విమర్శకుల దగ్గర్నుంచే రాలేదు. ఐక్యత చీలిపోతోందనీ, వీళ్ళకి సహనం లేదనీ స్త్రీవాదం వైపు నుంచి కూడా వినబడ్డాయి. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటే, లోపల ఉన్నవాళ్ళకి అది గుమ్మాన్ని పగలగొట్టడంలా వినిపిస్తుంది.

మరి నా సంగతి? 2019లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో జాన్ ప్రోట్జ్కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞుల వ్యాసం వచ్చింది. అమెరికాలో పెద్దవాళ్ళని అడిగి చూస్తే, అధికారం పట్ల గౌరవం ఎక్కువున్నవాళ్ళు ఇప్పటి పిల్లలకి పెద్దలంటే లెక్కలేదని ఎక్కువగా అన్నారట. పుస్తకాలు బాగా చదివినవాళ్ళు ఇప్పటి పిల్లలకి చదువంటే ఇష్టం లేదని ఎక్కువగా అన్నారట. ఇప్పటి తమని తీసుకెళ్ళి అప్పటి పిల్లలందరి మీదా ఆరోపిస్తారనేది వాళ్ళిచ్చిన వివరణ. చదవగానే నాకు ఆ సదస్సు హాలు గుర్తొచ్చింది. మూడు లైబ్రరీలు తిరిగింది మేమందరం కాదు. మా ఎం.ఏ. తరగతిలో నేనూ, ఇంకో ఇద్దరం. మిగతావాళ్ళు గైడ్లు చదివి పాసయ్యారు. వాళ్ళలో ఒకావిడ ఇప్పుడు నాకంటే మంచి టీచరు.

అంటే కొత్త తరంలో తప్పులే లేవని కాదు. ఒక అమ్మాయి ఫొటోని మార్చేసి తరగతి మొత్తానికి పంపే కుర్రాడు ఇప్పటివాడే, ఆ క్రౌర్యం కొత్తదే. విచిత్రమేమిటంటే ఆ ఘటన బయటపడ్డప్పుడు 'తరం చెడిపోయింది' అనే మాట ఆ కుర్రాడి దగ్గర ఆగదు. ఆ అమ్మాయికి ఫోనెందుకు కొనిచ్చారు అన్న దగ్గరికి వచ్చి ఆగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ పెళ్ళిళ్ళు కుదిర్చిన పెద్దల తరం గురించి సదస్సులు ఎవరూ పెట్టరు.

సదస్సు అయిన రెండు వారాలకి ఆ కాలేజీ అధ్యాపకురాలి ద్వారా ఆ అమ్మాయికి కబురు పెట్టాను, మీ రాతలు పంపమని. నలుగురు స్నేహితురాళ్ళవి కలిపి నలభై దాకా వాట్సాప్‌లో వచ్చాయి. నిజం చెప్పాలంటే సగానికి పైగా పేలవంగా ఉన్నాయి. వెన్నెల, వాన, విరిగిన మనసు. ఎవరో వాడి పారేసిన ఉపమానాలు. 'స్వేచ్ఛ' అనే మాట నలుగురిలో ముగ్గురు తప్పుగా రాశారు. అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను కోసం వెతికాను, ఫోను తెర మీద దేంతో దిద్దుతాను? అలా విసుగ్గానే చదువుతుంటే హాస్టల్ మీద ఒక పొడుగాటి వచన కవిత తగిలింది. సాయంత్రం ఆరున్నరకి గేటుకి తాళం పడే హాస్టల్. తాళం పడ్డ చప్పుడుకి ఒక్కో అమ్మాయి ఒక్కో పని ఆపేస్తుంది. ఒకతె ఫోను పెట్టేస్తుంది, ఒకతె నవ్వు ఆపేస్తుంది, ఒకతె మాత్రం అప్పుడే పుస్తకం తెరుస్తుంది. అది రాసింది నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి కాదు. ఆ రోజు హాల్లో ఆమె పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్న అమ్మాయి అని తర్వాత తెలిసింది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ కవిత అమ్మమ్మకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందే?" అంది.

"వార్డెన్ దగ్గర."

"ఆవిణ్ణి గురించి ఏమీ రాయలేదేం?" అని కాసేపాగి, "మా కాలంలో ఆడపిల్లలు ఇట్లాంటివి రాసేవాళ్ళు కాదులే" అంది. తర్వాత మొదటినుంచి మళ్ళీ చదవమంది.