ఆరున్నర అంగుళాల్లో ఐదు గుర్రాలు

అనంతపురం దాటి బెంగళూరు దారి పడితే కాసేపటికే రాప్తాడు. రోడ్డు పక్కన టీ అంగడి, టైర్ల అంగడి, ఎరువుల అంగడి, వాటి నడుమ ఒక రేకుల షెడ్డు. షెడ్డు గోడకు ఆనించి ఆరేడు ఉక్కు గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కోటీ నడుం దాకా వస్తుంది, లావు మాత్రం అరటిబోదె కన్నా తక్కువే. వాటి మీద సుద్దముక్కతో ఊరి పేర్లు రాసి ఉంటాయి. తెలియనివాడు చూస్తే ఇవి మోటార్లని అనుకోడు. బోరులో దిగి, నీళ్లలో మునిగి, కాలిపోయి, మళ్లీ పైకొచ్చినవి అవి.

నేను వెళ్లినప్పుడు ఒక రైతు తన మోటరు పక్కనే గొంతు కూర్చొని ఉన్నాడు. "ఐదు హెచ్‌పి అన్నా. పోయిన నెలే దించినాము. మళ్లా కాలిపాయ" అన్నాడు. ఐదు హెచ్‌పి అంటే ఎంత అని అడిగాను. "ఐదు గుర్రాల బలం కదా" అన్నాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. వైండింగ్ మేస్త్రీ తల ఎత్తకుండానే నవ్వాడు. "గుర్రం యాడుంది సామీ, లాగేది కరెంటు కదా."

గుర్రం సంగతి తర్వాత. ముందు ఆ 'బలం' అన్న మాట సరిచేయాలి. పేర్ల దగ్గరే మనకు కొంత తికమక ఉంది. పత్రికలు 'అశ్వశక్తి' అని రాస్తాయి, పాఠ్యపుస్తకం 'అశ్వసామర్థ్యం' అంటుంది. ఈ ఒక్కచోట పాఠ్యపుస్తకం పక్షమే నాది. లాగడం, నెట్టడం బలం. ఆ బలంతో ఒక బరువు కొంత దూరం కదిలితే పని. ఆ పని ఎంత త్వరగా జరిగిందన్నది సామర్థ్యం. శెనక్కాయ బస్తాను మిద్దె మీదికి ముసలాయన పది నిమిషాలకు చేర్చినా, కుర్రాడు ఒక్క నిమిషంలో చేర్చినా జరిగిన పని ఒకటే, సామర్థ్యంలో మాత్రం పది రెట్ల తేడా. హెచ్‌పి కొలిచేది ఆ తేడానే. 76 కిలోలను సెకనుకు ఒక మీటరు చొప్పున ఎత్తుతూ పోతే ఒక హెచ్‌పి. వాట్లలో చెప్తే 746.

ఐదు హెచ్‌పి మోటరులో బలం నిజంగా ఎంతో తెలిస్తే ఆ రైతు నమ్మడు. అది నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో నిండు లోడు మీద షాఫ్టు తిప్పే మెలి ఎంతంటే, అడుగు పొడవు పానాను అడ్డంగా బిగించి దాని కొసకు నాలుగు కిలోల బరువు వేలాడదీసినంత. నాలుగు కిలోలు! సంతలో ఉల్లిగడ్డల సంచి అంతకన్నా బరువుంటుంది.

ఇప్పుడు గుర్రాన్ని పిలుద్దాం. హెచ్‌పి కొలతను కట్టిన ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ లెక్కలోని గుర్రం మిల్లులో 12 అడుగుల వ్యాసార్ధమున్న గుండ్రటి దారిలో నడుస్తుంది. గంటకు 144 చుట్లు, అంటే నిమిషానికి 2.4. లాగే బలం 180 పౌన్లు, మన లెక్కలో దాదాపు 82 కిలోలు. అంత పొడుగు దూలం కొసన అంత బలం పెడితే వచ్చే మెలి, మన మోటరు మెలికి సుమారు 235 రెట్లు. ఒక్క గుర్రమే ఐదు గుర్రాల మోటరును 235 రెట్లు ఓడించింది. కానీ మోటరు వేగం గుర్రం వేగానికి 1,187 రెట్లు. 1,187ను 235తో భాగించండి. ఐదు వస్తుంది, మీద కాస్త మిగులుతుంది. ఆ మిగులు కూడా ఊరికే రాలేదు. వాట్ గుర్రానికి లెక్క కడితే నిమిషానికి 32,572 అడుగు-పౌన్లు తేలతాయి. ఆయన దాన్ని 33,000 అని నిండు అంకె చేసుకున్నాడు. రెండు వందల నలభై ఏళ్ల కిందటి ఆ సర్దుబాటు రాప్తాడు షెడ్డులో వేసిన లెక్కలో చిల్లరగా బయటపడుతుంది.

నేను మెచ్చుకునేది ఆ కొలతను కట్టిన తీరును. గుర్రాలతో పోల్చడం వాట్‌తో మొదలు కాలేదు. థామస్ సేవరీ 1702 నాటికే తన నీళ్ల యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో రాసి పెట్టాడు. వాట్ చేసింది ఆ పోలికకు ఒక అంకె బిగించడం. 1780లలో బౌల్టన్-వాట్ కంపెనీ ఆవిరి యంత్రాలు కొనే మిల్లువాడికి, సారాయి బట్టీవాడికి ఆవిరి గురించి ఏమీ తెలియదు. తన కొట్టంలో ఎన్ని గుర్రాలున్నాయో, వాటి దాణాకు ఏడాదికి ఎంత పోతుందో మాత్రం బాగా తెలుసు. వాట్ తన యంత్రాన్ని ఆ కొట్టంలోకి తీసుకెళ్లి నిలబెట్టాడు. రుసుము కూడా ఆ లెక్కనే: ఒక్కో గుర్రానికి ఏడాదికి లండన్‌లో ఆరు పౌన్లు, బయట ఐదు.

ఇందులో ఇంకో సొగసు ఉంది. అదే కాలపు గొప్ప ఇంజనీరు జాన్ స్మీటన్ ఒక గుర్రం పనిని నిమిషానికి 22,916 అడుగు-పౌన్లుగా కట్టాడు. వాట్ పెట్టిన 33,000 దానికన్నా దాదాపు సగం ఎక్కువ. మామూలు గుర్రం రోజంతా అంత లాగలేదు. దీంతో పది గుర్రాల యంత్రం కొన్నవాడికి పది గుర్రాలకు మించిన పనే దక్కింది. అమ్మేవాడు తన తూకపు రాయిని తనే బరువు చేసుకోవడం వ్యాపారంలో తరచూ కనబడే సంగతి కాదు. ఇక గుర్రం ఒక్క ఊపున ఎంత చూపగలదంటే, 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక లెక్క ప్రకారం కొన్ని క్షణాలపాటు దాదాపు 15 హెచ్‌పి. అంటే గుర్రానికి ఒక హెచ్‌పి అన్న మాట రోజంతా పని చూస్తే ఎక్కువ, ఒక్క ఊపు చూస్తే మరీ తక్కువ.

రాప్తాడులో పొలాల్లో గుర్రాలు లేవు, ఎప్పుడూ లేవు. ఉన్నవి ఎద్దులు, అవి లాగినవి కపిలలు. పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చేతులు కదుపుతూ చెప్తారు: బావి గట్టున గిలక, మోకు, కింద తోలు తొండం వేలాడే బాన, వాలు మీదుగా కిందికి దిగే జత, మోకు మీద కూర్చొని బరువు కలిపే మనిషి. నూట యాభై లీటర్ల బాన, ముప్పై అడుగుల బావి, నిమిషానికి ఒక బాన అనుకుందాం. వాట్ కొలతలోకి మారిస్తే నిమిషానికి 9,900 అడుగు-పౌన్లు. 33,000లో సరిగ్గా మూడు పదో వంతులు. రెండు ఎద్దులు, ఒక మనిషి, తెల్లవారుజామున మొదలయ్యే పాట, ఇవన్నీ కలిసి నీళ్లలో చూపినది 0.3 హెచ్‌పి.

ఆ ముప్పై అడుగుల నీళ్లు ఇప్పుడు లేవు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యపు వానలు తీరం నుంచి ఇంత దూరం సరిగా రావు. పండమేరు వాగులో ఎక్కువ నెలలు ఇసుకే పారుతుంది. నీళ్ల కోసం బోరు ఐదారు వందల అడుగులు, కొన్నిచోట్ల ఇంకా కిందికి పోవాలి. ఆరు వందల అడుగుల నుంచి సెకనుకు ఒక లీటరు ఎత్తాలంటే నీళ్లకే 2.4 హెచ్‌పి కావాలి. కపిల లెక్కన ఎనిమిది జతల ఎద్దులు. పంపులో రాపిడికి, సుళ్లకు సగం పోతుందనుకుంటే షాఫ్టు మీద ఐదు హెచ్‌పి. ఆ రైతు మోటరు ఐదు హెచ్‌పి ఎందుకైందో ఇప్పుడు అర్థమవుతుంది. తొమ్మిది గంటలు నిలకడగా కరెంటు ఉండి, అది తిరిగిందనుకోండి. వచ్చేది 32,400 లీటర్లు. ఒక ఎకరా మీద పరిస్తే ఎనిమిది మిల్లీమీటర్ల మందం. ఒక మోస్తరు జల్లు.

ఇక ఆ గొట్టం లోపలికి వెళ్దాం. ఇక్కడ బోరు వ్యాసం ఆరున్నర అంగుళాలు. మోటరు దానిలో దిగాలి, దిగాక చుట్టూ నీళ్లు కదలాలి. అందుకే ఇరువైపులా సెంటీమీటరు సందు వదిలి మోటరును సన్నగా, పొడుగ్గా చేశారు. చల్లబరచడానికి గాలి లేదు గనక ఆ సందులో పారే నీళ్లే చల్లబరచాలి. లోపల కూడా నీళ్లే. దించే ముందు మేస్త్రీ మోటరు నిండా మంచినీళ్లు పోసి, బుడగలు పోయేదాకా ఆగి, మూత బిగిస్తాడు. తిరిగే షాఫ్టు బరువు, పైన పంపు కిందికి నొక్కే ఒత్తిడి అంతా అడుగున చిన్న చిన్న కార్బన్ దిమ్మెల మీద ఆగుతుంది. దిమ్మెకు, దాని మీద తిరిగే ఉక్కు పలకకు మధ్య కంటికి కనబడని నీటి పొర. నూనె చేయాల్సిన పని నీళ్లు చేస్తున్నాయి.

కరెంటు పారే రాగి తీగ కూడా ఆ నీళ్లలోనే మునిగి ఉంటుంది. అందుకే దానికి వార్నిష్ పూత చాలదు, ఒంటికి పట్టిన ప్లాస్టిక్ తొడుగుంటుంది. మామూలు మోటరులో చుట్టను బయట చుట్టుకొని లోపలి గాడుల్లో, అంటే స్లాట్లలో, కూర్చోబెట్టొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. స్లాటు సందు ఇరుకు, తొడుగు గీసుకుంటే మోటరు చచ్చినట్టే. కాబట్టి తీగను సూదిలో దారం ఎక్కించినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కో వరస లాగాలి. ఆ మోటరుకు ఇరవై నాలుగు స్లాట్లు. మేస్త్రీ ముందు ఒక్కో స్లాటులో తీగ లావుండే సన్నటి కడ్డీలు నింపుకున్నాడు. తీగ కొసతో ఒక కడ్డీని నెడితే అది అవతలికి జారుతుంది, దాని చోటులోకి తీగ వస్తుంది. కడ్డీ పోయిన చోటే తీగ, కాబట్టి వరస మీద వరస ఎక్కదు. అవతలి కొసన కూర్చున్న కుర్రాడు తీగను అందుకొని, మెలి పడకుండా విప్పి, మళ్లీ ఇటు పంపుతాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎక్కడైనా తీగ బిగిసిందంటే మేస్త్రీ బలంగా లాగడు, కొద్దిగా వెనక్కు వదిలి మళ్లీ లాగుతాడు. మగ్గం ముందు కూర్చున్న మనిషిని చూసినవాళ్లకు ఆ చేయి తెలిసినదే.

చుట్ల లెక్క తప్పకూడదు. తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది, ఎక్కువైతే మెలి చాలక లోడు మీద నీరసిస్తుంది. అందుకే కాలిన తీగ విప్పేటప్పుడే పాత లెక్క గోడ మీద రాసుకున్నాడు. ఎందుకు కాలిందో కూడా విప్పేటప్పుడే తెలుస్తుంది. కొన్ని చుట్టలు బొగ్గై, మిగతావి కొత్తగా మెరుస్తుంటే ఒక ఫేజు పోయినా మోటరు ఆడిందని అర్థం. అన్నీ ఒకేలా నల్లబడితే లో ఓల్టేజీనో, మోయలేని బరువో. రైతు మోటరు రెండో రకం. "లైను కొసన ఉండాది కదా నీ బోరు" అన్నాడు మేస్త్రీ. రైతు తల ఊపాడు. ఓల్టేజీ పడిపోతే మోటరు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి తొడుగు కరుగుతుంది. ప్లేటు మీద ఐదు అని చెక్కినంత మాత్రాన ఐదు రావు. లైను ఇస్తేనే వస్తాయి.

ఈ మోటార్లు చాలావరకు కోయంబత్తూరు నుంచి వస్తాయి. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు 1937లో ఆ ఊళ్లోనే జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు చేతుల మీదుగా వచ్చింది. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు వాళ్లవి. తయారీ అక్కడిదైనా దీన్ని మూడోసారి, నాలుగోసారి బతికించే పని రాప్తాడు వంటి ఊళ్లదే. ఫ్యాక్టరీలో కొత్త స్టేటరు (తీగ చుట్టే, తిరగని భాగం) మీద చేసే పనిని ఇక్కడ కాలిన స్టేటరు మీద చేయాలి. రెండోదే కష్టమని నా అభిప్రాయం.

వాట్ ఏడాదికి గుర్రానికి ఇంత అని వసూలు చేసిన పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పంపుసెట్లకు హెచ్‌పికి ఏడాదికి యాభై రూపాయల స్లాబు పెట్టింది. మీటరు లేదు, మోటరు ప్లేటే మీటరు. కొలత మీద డబ్బు పడగానే కొలత వంగుతుంది. ప్లేటు మీద మూడు, లోపల ఐదు ఉన్న మోటార్లు తిరిగాయి. వాట్ గుర్రాన్ని పెంచి చెప్పాడు, మనవాళ్లు దించి చెప్పారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం చేశాక రైతుకు ఆ అబద్ధంతో పని తగ్గింది. ఐదు హెచ్‌పి మోటరు గంటకు లాగే కరెంటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, దాదాపు ఐదు యూనిట్లు. ప్లేటు మీద 3.7 కిలోవాట్లని ఉంటుంది కదా అంటారేమో. అది షాఫ్టు మీద వచ్చేది. తీసుకునేది అంతకన్నా ఎక్కువ, మిగతాది బోరు నీళ్లను వేడి చేస్తుంది.

సాయంత్రానికి మేస్త్రీ కేబులు అతుకు మీద రబ్బరు టేపు, దాని మీద ఇంకో టేపు చుట్టి, అతుకును బకెట్ నీళ్లలో ముంచి, కరెంటు కారుతోందేమో చూసే మెగ్గరు తిప్పాడు. ముల్లు చూసి తల పంకించాడు. రైతు అడిగాడు: "ఇంగ ఐదు బదులు ఏడున్నర దించితే రెండించుల నీళ్లు వస్తాయా?" మేస్త్రీ ప్లేటు మీద వేలు పెట్టాడు. హెచ్‌పి అంకె కింద ఇంకో వరస ఉంది: పంపులో ఎన్ని స్టేజీలు (నీళ్లను పైకి నెట్టే చక్రాల వరసలు), ఎన్ని మీటర్ల ఎత్తుకు సెకనుకు ఎన్ని లీటర్లు. ఒకే ఐదు హెచ్‌పితో స్టేజీలు పెంచితే పై ఎత్తుకు తక్కువ నీళ్లు, తగ్గిస్తే తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్లు. బోరులో ఊరేదానికన్నా ఎక్కువ తోడే మోటరు నీళ్లు అయిపోయి ఉత్తగా తిరిగి కాలుతుంది. "ముందు నీ బోరు ఎంత ఇస్తాదో సూసుకో సామీ" అన్నాడు.

మీరు మోటరు కొనేటప్పుడు ఆ రెండో వరస చదవండి. అంగడివాడు చెప్పేది మొదటి వరసే.