దేవుడి కొలతలూ, భోషాణం కొలతలూ

ఎయ్నర్ హాండ్‌బర్గ్ 1973లో తెచ్చిన షేకర్ ఫర్నిచర్ బొమ్మల పుస్తకంలో వాక్యాలు బాగా తక్కువ. పేజీ తిప్పితే ఓ బల్లో, స్టూలో, పెట్టెో. పక్కన అంగుళాలు, అంగుళంలో వంతులు. డెన్మార్క్ నుంచి అమెరికా వచ్చిన వడ్రంగి ఆయన. మరమ్మతుకని తన షాపుకి వచ్చిన పాత సామాన్లని కొలిచి గీసిపెట్టుకున్నాడు. అంతే. కానీ చదువుతుంటే (అవును, చదువుతుంటేనే) షేకర్ల నిరాడంబరత ఎక్కడుందో తెలుస్తుంది. నగిషీ వద్దనుకున్న మనుషులు వాళ్లు. వాళ్ల అందమంతా బల్ల కాలు పైన ఎంత, కింద ఎంత అన్న రెండంకెల మధ్య ఉంటుంది.

అమెరికన్లకి ఈ పిచ్చి అంతకు ముందే ఉంది. వాలెస్ నటింగ్ 1928లో ‘ఫర్నిచర్ ట్రెజరీ’ని 5000 బొమ్మలతో వేశాడు. 1935లో, మాంద్యం రోజుల్లో, ప్రభుత్వమే పనిలేని చిత్రకారులకి జీతమిచ్చి పాత పెట్టెలూ కుర్చీలూ కుండలూ గీయించింది. 1942కి దాదాపు 18,000 చిత్రాలు తయారయ్యాయి. దీనికో చీకటి వైపూ ఉంది. 1969లో ఆర్మాండ్ లామొంటేన్ అనే శిల్పి పదిహేడో శతాబ్దపు కుర్చీ ఒకటి సృష్టించాడు. హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని అసలుదే అనుకుని కొనేసింది!

మనకి లేవా? ఉన్నాయి. వరాహమిహిరుడి బృహత్సంహితలో మంచాలకీ ఆసనాలకీ ఒక అధ్యాయమే ఉంది. రాజు మంచం 100 అంగుళాలు, యువరాజుకి 90, మంత్రికి 84. (మనం ఇంచ్‌ని అంగుళం అంటున్నాం గానీ ఆయన అంగుళం వేలి వెడల్పు. రాజుగారి మంచం ఆరడుగుల పైచిలుకు, అంతే.) ఏ కలప మంచిదో, పిడుగు పడ్డ చెట్టు ఎందుకు కూడదో చెబుతాడు. నిష్పత్తులున్నా శకునాలదే పెద్ద చోటు. హాండ్‌బర్గ్ బల్ల నువ్వెవరని అడగదు. ఈ మంచం ముందు అదే అడుగుతుంది.

దేవుడి దగ్గరికొస్తే మాత్రం మన కొలత గొప్పది. అహోబిలం వెళ్లేవాళ్లు ఆళ్లగడ్డలో ఒక్క పూట ఆగి శిల్పులు పనిచేసే చోటు చూడాలి. తాళమానంలో ముఖం పొడవు ఒక తాళం, అందులో 12 అంగుళాలు. నవతాళ విగ్రహం నిలువు 108 అంగుళాలు. రాయి పెద్దదైతే అంగుళమూ పెద్దదవుతుంది. అందుకే జానెడు మూర్తికీ నిలువెత్తు మూర్తికీ ఒకటే లెక్క. ముక్కలైపోయిన పాత విగ్రహాన్ని మళ్లీ చెక్కాలంటే ఆ లెక్క ఇప్పటికీ చేతికి అందుతుంది.

సంక్రాంతి వేళ పారువేటకి బయల్దేరిన అహోబిలం స్వామి పల్లకిలో చుట్టుపక్కల పల్లెలన్నీ వారాల తరబడి తిరుగుతాడు. ఆ స్వామికి శాస్త్రంలో కొలత ఉంది. ఆ పల్లెల ఇళ్లలోని పందిరి మంచానికీ భోషాణానికీ ఏ తాళమూ లేదు. పాత ఇల్లు పడగొడితే ద్వారబంధాలు కొనేవాళ్లు వస్తారు. భోషాణం పలకలు పలకలుగా విడిపోతుంది. దాన్ని మళ్లీ చెయ్యాలన్నా ఏ వడ్రంగి ముందు ఏం పెడతాం?

సాహిత్యం ముందు పెట్టొచ్చా అంటే అదీ కుదరదు. నేను చదివిన తెలుగు జ్ఞాపకాల వ్యాసాల్లో భోషాణం వాసన ఉంది, కిర్రుమనే చప్పుడుంది, అందులోంచి అమ్మమ్మ తీసిచ్చిన బెల్లం ముక్క ఉంది. వస్తువు లేదు. బెంగ పడటానికి వస్తువుని సరిగ్గా చూడక్కర్లేదన్నట్టు రాస్తున్నాం. నాకైతే అందులో సగం పేజీ తీసేసి ఒక్క బొమ్మ గీసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మూత మందమెంత, మూలల్లో పలకలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయి, కింది చక్రాల ఇరుసు చెక్కదా ఇనుముదా, లోపలి అర ఎంత లోతు. మూత మీద తాతయ్య పడుకునేవాడని రాస్తారు కదా. మరి పొడవు ఆరడుగులుండేదా, లేక ఆయనే కాళ్లు ముడుచుకుని పడుకునేవాడా?