బండ వెనక్కి తిరిగే చోట

ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బలం చూసి వస్తారు. టన్నుల బరువున్న రాయి, దాని ముందు రెండు తెల్లటి ఒంగోలు గిత్తలు, వెనక లేచే దుమ్ము, చుట్టూ ఈలలు, కేకలు. చూపు దానంతటదే మూపురాల మీదికి పోతుంది. నేను మాత్రం కొన్నేళ్లుగా బరి చివర, గీత పక్కన నిలబడి చూస్తున్నాను. జత వెనక్కి తిరిగేది అక్కడే. పోటీ చాలాసార్లు తేలిపోయేదీ అక్కడే. తిన్నగా లాగేటప్పుడు ఎడ్ల సత్తువ కనిపిస్తుంది. తిరిగేటప్పుడు వాటిని పెంచి, నేర్పి, జత కూర్చిన మనుషుల పనితనం కనిపిస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, ఎడ్ల పందేల విషయంలో మాత్రం ఇప్పటికీ అంతా ఒకే పాలమూరు. మల్దకల్ తిమ్మప్ప బ్రహ్మోత్సవాలతో మొదలుపెట్టి, సంక్రాంతి దాటాక కొల్లాపూర్ దగ్గరి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, మాఘ పౌర్ణమికి గద్వాల జమ్ములమ్మ జాతర... దేవుడి తేరు ఎక్కడ కదిలితే ఆ చుట్టుపక్కల బండా కదులుతుంది. పెబ్బేరు శనివారం సంతలో ఎడ్ల బేరం జరిగేటప్పుడు, అందులో కొన్నిటిని కొనేవాళ్ల మనసులో దుక్కి ఉండదు, బరి ఉంటుంది. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డకు అటు కర్నూలు, ఇటు రాయచూరు పొరుగు. పోటీకి దిగే జతలూ ఆ దారుల్లోనే లారీలెక్కి వస్తాయి.

ఆట చెప్పడానికి తేలిక. ఇచ్చిన సమయంలో జత ఎంత దూరం లాగిందన్నదే లెక్క. బరి ఈ కొస నుంచి ఆ కొసకు, అక్కడ తిరిగి మళ్లీ ఈ కొసకు. సమయం అయిపోయినట్టు పిలుపు రాగానే బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పట్టి కొలుస్తారు. ఫలితం అడుగుల్లో చెప్తారు, పోటీ బిగువుగా ఉంటే అంగుళాల దాకా పోతారు. విభాగాలు పళ్లను బట్టి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. దూడకు రెండేళ్లు దాటాక ముందరి పాలపళ్లు రాలి మొదటి జత పెద్ద పళ్లు వస్తాయి, తర్వాత ఏడాదికి కాస్త అటూఇటుగా ఒక్కో జత. అందుకే బరిలోకి దిగకముందు నోరు తెరిచి చూస్తారు. ఎద్దు తల పక్కకు వంచి, కింది పెదవి బొటనవేలితో దించి, పళ్లు చూసేసరికి నిండా నాలుగు క్షణాలు పట్టదు. పుట్టిన తేదీ రాసిపెట్టని పశువుకు ఇంతకంటే నమ్మకమైన కాగితం లేదు.

ఇక కాడి. ఒంగోలు ఎద్దుకు మూపురం ముందు భాగంలో కాడి ఆనుతుంది, బరువంతా అక్కడే మోపి తోస్తుంది. లాగుతుందని అంటాం గానీ, దగ్గర నుంచి చూస్తే ఎద్దు చేసేది కాడిని ముందుకు నెట్టడం. కాడి మాను ఎద్దు మెడకు తగినట్టు నున్నగా చెక్కి ఉండాలి. ఒక చోట కోసుగా ఉంటే రెండో తిరుగుడుకే తోలు లేస్తుంది, ఎద్దు మెడ పక్కకు తిప్పుకుంటుంది, జత అంతా వంకర పోతుంది. కాడి నుంచి బండ దాకా పోయే కట్టు ఎంత ఎత్తున ఉందన్నదీ ముఖ్యమే. కట్టు పైకి వాలి ఉంటే బండ ముక్కు కాస్త తేలుతుంది, నేల ఒరిపిడి తగ్గుతుంది. కానీ ఆ మేరకు బరువు మెడ మీద పడుతుంది. మరీ కిందికి ఉంటే బండ మట్టిని దున్నుకుంటూ పోతుంది. బాగా తోలేవాళ్లు పోటీకి ముందు వంగి, ఒక కన్ను మూసి ఆ వాలు చూసుకుంటారు, ముడి విప్పి మళ్లీ కడతారు. చూసేవాళ్లకు అది కాలయాపనలా ఉంటుంది. నాకైతే అప్పుడే పోటీ మొదలైనట్టు.

కదలని రాయిని కదపడానికి పట్టేంత బలం, కదిలే రాయిని నడిపించడానికి అక్కర్లేదు. ఇది బడిలో చెప్పిన సంగతే. బండ ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు ఆ పెద్ద బలం మళ్లీ పెట్టాలి. అందుకే అనుభవం ఉన్న జట్టు పరుగు కోసం తాపత్రయపడదు, ఆగకుండా ఉండడం కోసం పడుతుంది. బండ ఆగే ప్రమాదం ఎక్కువ ఉన్నది మలుపులోనే.

మలుపును విడదీసి చూద్దాం. చివరి గీత దగ్గరికి వచ్చేసరికి దాపలెద్దు, వలపలెద్దు ఒకే అడుగులో ఉంటాయి. తిరిగేటప్పుడు ఆ సమానం చెడాలి, చెడి తీరాలి. లోపలి ఎద్దు దాదాపు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగాలి. బయటి ఎద్దు పెద్ద చుట్టు తిరిగి రావాలి. లోపలిది తొందరపడితే కాడి అడ్డం పడుతుంది. బయటిది జంకితే బండ నిలిచిపోతుంది. ఈ రెండింటి మధ్య పగ్గం పట్టినవాడి చేతిలో కదలిక జానెడు కూడా ఉండదు. లోపలి ఎద్దు ముకుతాడుకు ఒక చిన్న బిగింపు, బయటి ఎద్దుకు పేరు పెట్టి ఒక పిలుపు. ఎడ్లు తిరిగాక బండ ముక్కు తిరుగుతుంది, ఆ తర్వాత బండ మొత్తం. ఆ క్షణంలో ఎడ్ల కాళ్ల మధ్య, బండ అంచు పక్కన పరిగెత్తే మనుషుల్ని చూడాలి. ఎవరి చోటు వాళ్లది. ఒకరికొకరు చెప్పుకోవడానికి సమయం లేదు, చెప్పుకోరు కూడా. అన్నీ సరిగ్గా కుదిరిన మలుపులో బండ చప్పుడు ఆగదు, నేల మీద ఒకే గీత ఒంపు తిరిగి కనిపిస్తుంది. కుదరనప్పుడు ఆ గీత ముక్కలు ముక్కలుగా ఉంటుంది. జత వెళ్లిపోయాక మట్టి మీది ఆ గీత చూసి, మైకులో చెప్పకముందే ఫలితం అంచనా వేసే పెద్దమనుషులు ప్రతి జాతరలోనూ ఉంటారు.

మలుపు దగ్గర మన ఎద్దులతో జరిగేది, అమెరికాలో, యూరప్‌లో కుక్కలతో జరుగుతుంది. దాని పేరు ఫ్లైబాల్. 1970ల నాటికి కాలిఫోర్నియాలో ఊపిరి పోసుకుంది. ఉత్తర అమెరికా ఫ్లైబాల్ సంఘం 1984లో ఏర్పడింది. జట్టుకు నాలుగు కుక్కలు. ఒకదాని తర్వాత ఒకటి 51 అడుగుల బాటలో నాలుగు అడ్డుకట్టలు దూకి, చివర ఉన్న పెట్టెను తొక్కితే బంతి ఎగిరి వస్తుంది. దాన్ని నోట కరుచుకుని మళ్లీ దూకుతూ వెనక్కి రావాలి. నాలుగు కుక్కలూ కలిసి మొత్తం పరుగును 15 సెకన్లలోపే ముగించే జట్లు ఉన్నాయి. అక్కడా శిక్షకులు నెలల తరబడి కష్టపడేది పరుగు మీద కాదు, పెట్టె దగ్గరి మలుపు మీద. కుక్క నాలుగు కాళ్లూ వాలు పెట్టె మీద ఆనించి, ఒళ్లు పక్కకు తిప్పి, ఆ ఊపుతోనే వెనక్కి తన్నుకుని రావాలి. నేల మీద ఆగి తిరిగే కుక్కకు సమయం పోతుంది, కీళ్లకూ దెబ్బ. అడ్డుకట్టల ఎత్తును జట్టులోని అతి చిన్న కుక్క కొలతను బట్టి పెడతారు. ఇక్కడ నోరు తెరిచి పళ్లు చూసినట్టే, అక్కడ కాలు కొలిచి చూస్తారు. పోటీ న్యాయంగా ఉండాలంటే పశువు ఒంటినే అడగాలని రెండు చోట్లా తెలుసుకున్నారు.

మన ఎడ్లకు ఈ మలుపు ఒక్కరోజులో రాదు. కోడెగా ఉన్నప్పుడే చిన్న బండ కట్టి తిప్పడం నేర్పుతారు. ఈత కొట్టిస్తారు, కీళ్ల మీద బరువు పడకుండా ఊపిరి పెరగడానికి దాన్ని మించింది లేదు. ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు, జొన్నచొప్ప, వేళకు నీళ్లు. పొద్దున్నే ఒళ్లంతా రుద్ది కడుగుతారు. ఇదంతా చేసేది ఎక్కువగా ఇంట్లోని ఒక్క మనిషే. ఎద్దు ఆ మనిషి గొంతునే గుర్తుపడుతుంది. అసలు కష్టం జత కూర్చడంలో ఉంది. బలంలో సమానమైన రెండు ఎడ్లు దొరకడం గొప్ప కాదు, గుణంలో సరిపోయేవి దొరకాలి. ఒకటి దూకుడుది, ఒకటి నిదానంది అయితే నిదానందాన్ని మలుపు లోపలి వైపు కడతారు. ఇంత సూక్ష్మం రైతుకు దుక్కి నుంచే వచ్చింది. నాగలి చాలు చివర తిప్పడం తెలిసినవాడికి బండ తిప్పడం తెలుస్తుంది. ట్రాక్టర్లు వచ్చాక ఆ చాలు చివరి మలుపు బతికి ఉన్నది ఈ బరుల్లోనే అనుకుంటాను.

కొరడా సంగతి చెప్పకుండా ముగించలేను. కొట్టి లాగించే జతలూ ఉన్నాయి, ముల్లుకర్ర పట్టేవాళ్లూ ఉన్నారు. నాకది కోపం తెప్పిస్తుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అది నేరం కావడం ఒక్కటే కారణం కాదు. సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిలిపేసింది. వాటిని అనుమతిస్తూ తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చేసుకున్న సవరణ చట్టాలను 2023 మే 18న సమర్థించింది. చట్టం దారి చట్టానిది. పనితనం వైపు నుంచి చూసినా కొరడా ఓటమికి గుర్తే. దెబ్బ పడ్డ ఎద్దు ముందుకు ఉరుకుతుంది, మలుపులో కావలసింది ఉరుకు కాదు. పిలుపుకు తిరిగే జతకూ దెబ్బకు తిరిగే జతకూ తేడా మట్టి మీది గీతలోనే తెలిసిపోతుంది. నిర్వాహకులు కొరడాను బరి బయటే ఆపేస్తే పోటీ ఏమీ తగ్గదు, బాగా తోలేవాళ్లే పైకి వస్తారు.

రాయచూరులో మున్నూరు కాపులు ఏటా కారు పున్నమికి ఇదే పోటీ పెడతారు. ఒకటిన్నర, రెండు, రెండున్నర టన్నుల బండలు, మూడు రోజుల పండుగ. మన గద్వాల నుంచి ఆ ఊరు ఎంతో దూరం కాదు. అక్కడికైనా, మల్దకల్‌కైనా వెళ్తే వేదిక ముందు కుర్చీల్లో కూర్చోవద్దు. అక్కడి నుంచి ఎడ్ల ముఖాలు బాగా కనిపిస్తాయి, ఫొటోలూ బాగా వస్తాయి. బరి ఆ కొసకు నడవండి, దుమ్ము ఎక్కువగా ఉంటుంది, తువ్వాలు ఒకటి ఉంచుకోండి. తాడు కట్టిన హద్దుకు ఇవతలే ఉండి, లోపలి ఎద్దు ముందు కాళ్ల వైపు చూడండి.