ఊరి పేరు: పలుకు, రాత – అరకు కొండల్లో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి కొండల్లోకి వెళ్లేటప్పుడు స్టేషన్ల బోర్డులను వరసగా చదవండి. కొత్తవలస, శృంగవరపుకోట, శివలింగపురం అంటూ మొదలైన పేర్లు పైకి వెళ్లేకొద్దీ శిమిలిగుడ, దార్లిపుట్ అవుతాయి. వలస, కోట, పురం అన్న ఉత్తరపదాలు మనకు తెలిసినవే. గుడ, పుట్ దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఒక్కటే సరిపోదు. అక్కడ ఆదివాసీ ఒడియా, కువి, గదబ వంటి భాషలు కూడా మాట్లాడతారు. ఈ పేర్లు బోర్డుల మీదికి ఎలా ఎక్కాయి, వాటికి చెప్పే అర్థాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ పాఠభాగంలో పరిశీలిద్దాం.

రాత – పలుకు

ఇంగ్లండ్‌లో లెస్టర్, వూస్టర్ అనే ఊళ్లున్నాయి. రాసిన అక్షరాలన్నీ పలికితే లైసెస్టర్, వోర్సెస్టర్ అనాలి. ఆ 'సెస్టర్' రోమన్ల సైనిక శిబిరాన్ని తెలిపే 'కాస్ట్ర' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. పలుకు అరిగిపోయినా రాత పాత రూపాన్ని దాచి ఉంచింది. 1923లో ఏర్పడిన ఇంగ్లీషు స్థలనామాల సంఘం పాత దస్తావేజుల్లోని రూపాలకు అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

మన కొండల్లో పరిస్థితి తలకిందులు. ఇక్కడ పలుకు పాతది, రాత కొత్తది. రాసినవారు చాలావరకు ఆ భాషలు తెలియని ఉద్యోగులు. మాచ్‌కుండ్ నది పేరు చూడండి. ఒడియాలో మాఛ అంటే చేప, కుండ అంటే గుండం. పాడేరు వైపున్న మత్స్యగుండం పేరుకు కూడా అర్థం ఇదే. అయితే తెలుగు పత్రికల్లో తరచుగా కనిపించేది 'మాచ్‌ఖండ్'. ఇంగ్లీషు రాతలోని 'యు'ను 'అ' అని చదివితే వచ్చే రూపమిది. చేపల గుండం కాస్తా ఖండమైంది.

పొడి అక్షరాల పేర్లు

ఎస్.కోటలోని 'ఎస్' శృంగవరపు అన్న మాటకు ఇంగ్లీషు రాతలో మొదటి అక్షరం. గంగరాజు మాడుగుల జి.మాడుగుల అయింది, గూడెం కొత్తవీధి జి.కె.వీధి అయింది. ఒకే 'జి' ఒకచోట గంగరాజు, మరొకచోట గూడెం! 1922-24 మన్యం పోరాటం గురించి చదివిన విద్యార్థికి గూడెం పేరు తెలుసు. జి.కె.వీధి బస్సు బోర్డు చూసినప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు. రాయడానికి సులువే కాని, పేరులోని చరిత్ర చెరిగిపోతుంది.

అర్థం చెప్పే ముందు

కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. తెలుగులో ఈ రంగంలోకి వచ్చేవారు తప్పక చదవవలసిన గ్రంథం అది. అయితే కడప సీమలో పాత రూపాలు వెతకడానికి తెలుగు శాసనాలున్నాయి. కొండ గూడేల పేర్లకు అలాంటి ఆధారం అరుదు. కాబట్టి మాట్లాడేవారి నోటి నుంచి విని సేకరించాలి.

అలా చేయకపోతే జననిరుక్తి చోటుచేసుకుంటుంది. లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. బయట పడుకున్నవాడు చలికి కొయ్యలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని పర్యాటకులకు చెబుతుంటారు. కథ బాగుంది. కాని మన్యంలోనే పెదబయలు కూడా ఉంది. అక్కడ బయలు అంటే మైదానం. కొర్ర విషయానికి వస్తే, ఆ పేరుతో పంటా ఉంది, మన్యంలో ఇంటిపేరూ ఉంది. చలి కథ కన్నా ముందు వీటిని పరిశీలించాలి. నేనూ ఒకప్పుడు తరగతిలో అరకు పేరును 'అరక'తో ముడిపెట్టి చెప్పాను. ధ్వని కలిసిందన్న దానికి మించి నా దగ్గర ఆధారం లేదు. అది తప్పు పద్ధతి.

శిమిలిగుడకు మాత్రం దారి దొరుకుతుంది. ఒడియాలో శిమిలి అంటే బూరుగుచెట్టు. గుడ మన గూడెం వంటిదే. 'బూరుగు గూడెం' అన్న అర్థం పొసగుతుంది. సరిహద్దుకు అవతల కోరాపుట్ జిల్లాలోనూ సెమిలిగుడ ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొండలను రెండుగా పంచింది కాని, పేర్లు ఆ గీతను ఎరగవు.

ముగింపు

ఇది పండితుల సరదా కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కు నిర్ణయం గ్రామసభలోనే మొదలవుతుంది. ఏ గూడెం సభ అన్నది కాగితం మీద పేరుతోనే తెలుస్తుంది. ఒకే గూడేన్ని రెండు కాగితాల్లో రెండు రకాలుగా రాస్తే ఇబ్బంది పడేది అక్కడివారే. ఊరి పేరు ఎలా పలకాలో చెప్పే మొదటి అధికారం ఆ ఊరివారిది. మనం రాసే అక్షరం వారి పలుకును అనుసరించాలి.

అభ్యాసం

మీ మండలంలో పొడి అక్షరాలతో వాడుకలో ఉన్న ఊరి పేరు ఒకటి తీసుకోండి. పూర్తి పేరును ఆ ఊరి పెద్దల నోట విని, విన్నది విన్నట్టు రాయండి. బోర్డు మీది రాతతో పోల్చి, తేడాలకు కారణాలు చర్చించండి.