లిక్విడ్ కూలర్: గుణదోష విచారణ

మార్చి, ఏప్రిల్ మాసములలో గుంటూరు మిర్చి యార్డు టిక్కీలతో నిండిపోవును. ధర కుదరని సరకును రైతులు పట్టణము చుట్టునున్న కోల్డ్ స్టోరేజీలకు తరలింతురు. బయట 40 డిగ్రీల ఎండ కాయుచున్నను ఆ గిడ్డంగుల లోపల చలి వణికించును. అదే ఊరిలో ఇండ్ల కిటికీలవద్ద గడ్డితెరల కూలర్లు తిరుగుచుండును. ఇక కంప్యూటరు దుకాణములలో మూడవ రకపు యంత్రమొకటి అమ్ముదురు. ప్రాసెసరును చల్లబరచు ఆ సాధనమునకు లిక్విడ్ కూలర్ అని పేరు. ఈ మూడింటిని ఒకే జాతివిగా భావించుటయే దానినిగూర్చిన అపోహలకు మూలము.

కోల్డ్ స్టోరేజీలో కంప్రెసరు కలదు. అది విద్యుత్తును ఖర్చుచేసి, చల్లని చోటినుండి వేడిని లాగి వేడి చోటికి నెట్టును. గది కూలరులో నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. కావున ఈ రెండును చుట్టునున్న గాలికంటె తక్కువ ఉష్ణోగ్రతను కల్పింపగలవు. లిక్విడ్ కూలరులో కంప్రెసరు లేదు. నీరు ఆవిరియగుటయు లేదు. అందున్నది నీటిని త్రిప్పు ఒక చిన్న పంపు మాత్రమే. నీరు వేడిని ఒకచోటినుండి మరియొకచోటికి మోయును గాని మ్రింగివేయదు. ఈ సంగతి మరువనివారు కూలరు కొనుటలో మోసపోరు.

ప్రాసెసరునకు ఇంత వేడి ఎక్కడిది? దానిలోని కోట్లకొలది ట్రాన్సిస్టర్లు సెకనుకు వందలకోట్లసార్లు తెరుచుకొని మూసుకొనుచుండును. అట్లు ఖర్చగు సామర్థ్యము పౌనఃపున్యమునకు అనులోమముగాను, వోల్టేజి వర్గమునకు అనులోమముగాను ఉండును. తయారుచేసినవారు నిర్ణయించిన వేగమును మించి ప్రాసెసరును నడపుటయే ఓవర్‌క్లాకింగ్. ఉదాహరణకు వేగమును 4.0 గిగాహెర్ట్‌జ్‌నుండి 4.8కు పెంచి, అందుకొరకు వోల్టేజిని 1.20నుండి 1.35కు ఎక్కించినారనుకొనిన, వేగము 20 శాతము పెరుగును. సామర్థ్యమో, 1.2ను 1.125 వర్గముచే హెచ్చింపగా, దాదాపు ఒకటిన్నర రెట్లగును. 165 వాట్లు తినుచుండిన ప్రాసెసరు 250 వాట్లు తినును. ఆ 250 వాట్లును వేడిగానే బయటికి రావలెను. వేయి వాట్ల హీటరులో నాలుగవ వంతు బల్లక్రింద పెట్టుకొన్నట్లే. ఏ కూలరు వాడినను గదిలోనికి వచ్చు వేడి తగ్గదు.

లిక్విడ్ కూలరు నిర్మాణము మెచ్చదగినదే. ప్రాసెసరుపై ఒక రాగి పలక యుండును. దాని లోపల వెంట్రుకవంటి సన్నని కాలువలు చెక్కియుందురు. పంపు ఆ కాలువలగుండ నీటిని పోనిచ్చి, గొట్టములద్వారా రేడియేటరునకు పంపును. అక్కడ ఫ్యానులు రేకులమధ్య గాలిని వీచి నీటిని చల్లార్చును. ఇది లారీ ఇంజను ముందరనుండు రేడియేటరు పద్ధతియే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు గ్రహించు ఉష్ణము, అంతే ఘనపరిమాణముగల గాలి గ్రహించుదానికి సుమారు 3,500 రెట్లు. నిమిషమునకు ఒక లీటరు నీరు ప్రవహించినచో 250 వాట్ల వేడిని మోయుటకు ఆ నీరు నాలుగు డిగ్రీలైనను పెరుగనవసరము లేదు. చిన్న పలకమీద పుట్టిన వేడిని విశాలమైన రేడియేటరునకు చేర్చుటలో ఇంతటి సేవకుడు మరొకడు లేడు.

అయితే ఆ వేడి చివరకు చేరునది గది గాలినే. దోషము యంత్రములో కంటె దానిని వర్ణించు తీరులో ఎక్కువగా కలదు. ప్రకటనలలోను, పరీక్షా ఫలితములలోను ఇన్ని డిగ్రీలవద్ద ప్రాసెసరును నిలిపినదని అంకె కనబడును. ఆనాటి గది ఉష్ణోగ్రత ఒక మూల చిన్న అక్షరములలో నుండును, లేదా ఉండనే ఉండదు. ఒక కూలరుతో ప్రతి వాటునకు ప్రాసెసరు గదికంటె 0.22 డిగ్రీ అధికముగా వేడెక్కునని అనుకొనినచో, 250 వాట్లకు తేడా 55 డిగ్రీలు. ఏ.సి. గదిలో గాలి 24 డిగ్రీలైన ప్రాసెసరు 79వద్ద నిలుచును. అదే యంత్రమును 40 డిగ్రీల గదిలో నడిపిన అది 95కు చేరును. 2022లో వెలువడిన ఏ.ఎం.డి. రైజెన్ 9 7950ఎక్స్‌కు గరిష్ఠపరిమితి 95 డిగ్రీలు. అదే యేట వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె పరిమితి 100 డిగ్రీలు. పరిమితిని చేరిన ప్రాసెసరు తనంతట తానే వేగమును తగ్గించుకొనును. అంత సొమ్ము పోసి కొనిన వేగము పల్నాటి వేసవిలో మధ్యాహ్నము పూట మాయమగును. రెంటచింతల ఎండ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇందుకు మారుగా ఓవర్‌క్లాకింగ్ మానినచో, 165 వాట్లకు తేడా సుమారు 36 డిగ్రీలు. అప్పుడు అదే 40 డిగ్రీల గదిలో ప్రాసెసరు 76వద్ద నుండును. అనగా ఏ.సి. గదిలో ఓవర్‌క్లాక్ చేసినదానికంటె చల్లగానే యుండును. కావున ఒక కూలరును వేరొకదానితో పోల్చునపుడు చూడవలసినది తుది ఉష్ణోగ్రతను కాదు, గదికిని ప్రాసెసరునకును గల తేడాను. ఎన్ని వాట్లకు ఆ తేడా వచ్చినదో చెప్పని పరీక్ష పరీక్ష కాదు. అట్లే ఒక్క నిమిషము నడిపి ముగించిన పరీక్షయు నమ్మదగదు. నీరు, లోహము వేడెక్కి నిలకడకు వచ్చుటకు కాలము పట్టును. పదిపదిహేను నిమిషములైనను పూర్తి బరువుతో నడిపినగాని నిజము తేలదు.

రెండవ దోషము పేరును చూచి కొనుట. లిక్విడ్ కూలర్ అనగానే అది గాలి కూలరుకంటె మేలైనదని పలువురు తలంతురు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటే గల చిన్న రకము, రెండు ఫ్యానులుగల మంచి గోపురపు గాలి కూలరును మించుట అరుదు. ఆ గాలి కూలరులోని రాగి గొట్టములయందును కొద్దిపాటి ద్రవము కలదు. అది వేడిచోట ఆవిరియై, చల్లనిచోట మరల ద్రవమగుచు, పంపు లేకయే వేడిని మోయును. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో 1963లో జార్జి గ్రోవర్ రూపొందించిన హీట్ పైప్ ఇదియే. లిక్విడ్ కూలరు ఆధిక్యము రేడియేటరు వైశాల్యమునుండి వచ్చును. 240 రకపు ముఖవైశాల్యము 288 చదరపు సెంటీమీటర్లు, 280 రకపుది 392, 360 రకపుది 432. సొమ్ము పెట్టవలసినది ఈ వైశాల్యముపైననే గాని, పంపుమీద వెలుగు రంగుదీపములపైనను, బొమ్మల తెరపైనను కాదు.

మూడవది ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైనది. చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు ప్రత్తి మిల్లులకు సమీపమున గాలిలో నూగు ఎగురుచుండును; మిరప కల్లముల యొద్ద ధూళి తక్కువ కాదు. రేడియేటరు రేకులు మిక్కిలి దగ్గరగా నుండుటచే నూగు వాటిపై కంబళివలె పరుచుకొనును. అప్పుడు 360 రకముకూడ 240 రకమువలె పనిచేయవచ్చును. కనుక రేకులమధ్య సందు కొంత ఎక్కువగానుండి, ఫ్యాను సులభముగ విప్పుటకు వీలైనది మేలు. పెట్టెకు విప్పి కడుగదగిన వల తప్పక యుండవలెను. బ్లోయరుతో దులుపునపుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి యుంచవలెను.

నాల్గవది ఆయువు. గాలి కూలరులో చెడునది ఫ్యాను ఒక్కటే, దానిని మార్చవచ్చును. మూతవేసిన లిక్విడ్ కూలరులో పంపు చెడిన మొత్తము పారవేయవలసినదే. సంవత్సరములు గడచినకొలది గొట్టముల గోడలగుండ కొంత నీరు ఇంకిపోయి లోపల గాలి చేరును. ఆ గాలి పంపులో చిక్కుకొనకుండ, రేడియేటరు పైభాగము పంపుకంటె ఎత్తున నుండునట్లు బిగింపవలెను. రాగి పలక, అల్యూమినియము రేడియేటరు ఒకే ద్రవమున తడియుచున్నందున తుప్పును నివారించు రసాయనములను అందు కలిపియుందురు. తగ్గినదని అందులో బోరు నీరు పోయుట యంత్రమును చేతులార చెరచుకొనుటయే.

ఇంతమాత్రమున ద్రవశీతలీకరణమును తృణీకరింపరాదు. 1985లో వెలువడిన క్రే-2 సూపర్ కంప్యూటరు పలకలను విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ద్రవములో పూర్తిగా ముంచి చల్లబరచిరి. పైన చెప్పిన ఇంటెల్ ప్రాసెసరు కూడ ఓవర్‌క్లాక్ చేయకుండగనే 253 వాట్లవరకు తినగలదు. అట్టిదానిని గంటలకొలది పూర్తి బరువుతో నడపువారికి 280 గాని 360 గాని రకపు లిక్విడ్ కూలరు న్యాయమైన అవసరమే. ఇంట చదువుకొను విద్యార్థికి, పాఠశాల ప్రయోగశాలకు మాత్రము మంచి గాలి కూలరు, శుభ్రమైన పెట్టె చాలును. మిగిలిన సొమ్ముతో గది చల్లబరచుట ఎక్కువ లాభము. గది గాలి ఎనిమిది డిగ్రీలు తగ్గిన ప్రాసెసరును దాదాపు ఎనిమిది డిగ్రీలు తగ్గును. గడ్డితెరల కూలరు తడిగాలి నేరుగా పెట్టెపై పడకుండ చూచుకొనిన సరి.

ఈ విషయమును ఉపాధ్యాయులు తరగతిలోనే నిరూపింపవచ్చును. గోడకొక ఉష్ణమాపకము తగిలించి, కంప్యూటరుకు ఒకే పనిని పావుగంటసేపు ఇచ్చి, తెరపై కనబడు ప్రాసెసరు ఉష్ణోగ్రతనుండి గది ఉష్ణోగ్రతను తీసివేయించవలెను. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఈ లెక్క వేయించినచో తుది అంకెలు ఎంతో మారినను తేడా ఇంచుమించు ఒకటిగానే యుండును. ఏప్రిల్‌లో తేడా పెరిగినచో మొదట చూడవలసినది రేకులమధ్య పేరుకొనిన ప్రత్తి నూగును. ఆ లెక్క వేయనేర్చిన విద్యార్థి ఏ ప్రకటనను చూచినను ముందుగా గది ఉష్ణోగ్రత ఎంత అని అడుగును.